అరవై శాతం ఎవరి బలం?

మన ఆర్థిక వ్యవస్థకు కుటుంబాల వినియోగమే పెట్టని కోట అన్న మాట ఈ మధ్య పత్రికల వ్యాపార పేజీల్లోనూ, టీవీ చర్చల్లోనూ, బడ్జెట్ మర్నాటి సంపాదకీయాల్లోనూ పదేపదే వినబడుతోంది. స్థూల దేశీయోత్పత్తిలో కుటుంబాల ఖర్చు వాటా 60 శాతం దాటింది. 2011-12 ఆధార సంవత్సరంతో వేసిన లెక్కల ప్రకారం 2024-25లో అది 61 శాతం పైకి చేరింది. దీన్ని చూపించి, చైనాలో ఈ వాటా 40 శాతం కూడా లేదు కాబట్టి అది పరాయి మార్కెట్ల దయ మీద బతకాల్సిందేనని, మనకు 140 కోట్ల మంది సొంత కొనుగోలుదారులున్నారు కాబట్టి బయట ఏ గాలివాన వచ్చినా నిలబడతామని చెబుతున్నారు. ఈ వాదన తప్పు. తప్పుడు లెక్కగా కాగితం మీదే ఉండిపోతే పట్టించుకోనక్కర్లేదు. కానీ దీన్ని నమ్ముకునే ప్రభుత్వాలు విధానాలు రాస్తున్నాయి. జనం చేత ఇంకాస్త ఖర్చు పెట్టిస్తే చాలు, వాళ్ళ సంపాదన సంగతి తర్వాత చూసుకోవచ్చనే ధోరణి దీని చాటునే పెరిగింది. అందుకే దీన్ని మొదటినుంచీ విప్పి చూడాలి.

ముందుగా ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. దేశీయోత్పత్తిని ఖర్చు వైపు నుంచి లెక్క కట్టేటప్పుడు నాలుగు పద్దులు ఉంటాయి. కుటుంబాల వినియోగం ఒకటి, ప్రభుత్వ వినియోగం రెండు, పెట్టుబడి మూడు, ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేస్తే తేలేది నాలుగు. మొత్తం ఎప్పుడూ నూరే. మిగతా మూడూ మందగిస్తే మొదటిదాని వాటా దానంతటదే పెరుగుతుంది. అందుకోసం ఏ ఇంట్లోనూ ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కానక్కర్లేదు. ఫ్యాక్టరీలు కొత్త యంత్రాలు కొనడం మానేసినా, ఎగుమతి ఆర్డర్లు ఆగిపోయినా వినియోగం వాటా పెరిగినట్టే కనిపిస్తుంది. కరోనా ఏడాదే దీనికి సాక్ష్యం. 2020-21లో ధరల పెరుగుదల తీసేసి చూస్తే కుటుంబాల వినియోగం 5 శాతానికి పైగా పడిపోయింది. కూలీలు నగరాల నుంచి వందల కిలోమీటర్లు కాలినడకన ఊళ్ళకు పోయిన సంవత్సరం అది. అయినా ఆ ఏడాది దేశీయోత్పత్తిలో వినియోగం వాటా దాదాపు కదలకుండా అక్కడే ఉంది. ఎందుకంటే తక్కినవీ దాంతోపాటే పడ్డాయి. జనం బతుకు తలకిందులైన ఏడాదిని కూడా పట్టుకోలేని అంకెను ఆర్థిక ఆరోగ్యానికి కొలమానంగా ఎలా వాడతాం?

వాటా ఎక్కువగా ఉండటమే బలమైతే మన దేశం అత్యంత బలంగా ఉన్న రోజులు 1950లు కావాలి. అప్పుడు ఈ వాటా 80 శాతానికి పైన ఉండేది. తిండికీ బట్టకీ పోగా మిగలని దేశం కాబట్టి అంత ఉండేది. పెట్టుబడులు జోరుగా సాగిన 2007-08 ప్రాంతంలో ఇది అరవైకి బాగా కిందికి దిగింది. ఉద్యోగాలూ నిర్మాణాలూ చురుగ్గా ఉన్న కాలమని మనవాళ్ళంతా గుర్తుంచుకున్న కాలమది. బయటి దేశాలు చూసినా అంతే. పాకిస్తాన్‌లో ఈ వాటా 80 శాతం పైనే. నేపాల్‌లోనూ దాదాపు అంతే, పైగా అక్కడి ఖర్చులో పెద్ద భాగం గల్ఫ్‌లోనూ మలేసియాలోనూ చెమటోడ్చే పిల్లలు పంపే డబ్బు. ఆ దేశాలను వినియోగ శక్తులని ఎవరూ పొగడరు. దక్షిణ కొరియాలో 1960లో 80 శాతం దాటి ఉన్న వాటా 1980ల చివరికి 50 శాతం దగ్గరికి దిగింది. ఆ మధ్యకాలంలోనే అక్కడి మామూలు ఇంటికి ఫ్రిజ్, టీవీ, పిల్లలకు కాలేజీ చదువు వచ్చాయి. వాటా తగ్గింది, ఇల్లు నిండింది. ఈ రెండూ ఒకేసారి జరగగలవని గుర్తిస్తే చాలు, కోట కథలో సగం కూలిపోతుంది.

చైనాతో పోలిక ఈ వాదానికి ఇష్టమైన ఆయుధం కాబట్టి అక్కడ కొంచెం నిలబడదాం. 2023లో చైనా తలసరి దేశీయోత్పత్తి సుమారు 12,500 డాలర్లు, మనది సుమారు 2,500. చైనాలో కుటుంబాల వినియోగం 39 శాతం అంటే తలకు దాదాపు 4,900 డాలర్లు. మన 60 శాతం అంటే తలకు 1,500. వాటా తక్కువగా ఉన్న దేశంలో మనిషి మనకంటే మూడు రెట్లు పైగా వినియోగిస్తున్నాడు. రెండు దేశాల ధరల తేడా సర్ది చూస్తే ఈ అంతరం తగ్గుతుంది గానీ పోదు. చైనాలో వినియోగం వాటా చిక్కిపోతున్న ఏళ్ళలోనే అక్కడి కుటుంబాల వాస్తవ వినియోగం మనకంటే వేగంగా పెరిగింది. ఎందుకంటే చిన్న ముక్కే అయినా అది కోసింది చాలా పెద్ద రొట్టె నుంచి.

ఇలా అంటే చైనాను నెత్తిన పెట్టుకున్నానని అనుకోవద్దు. అక్కడ వాటా ఎందుకు తక్కువో తెలిస్తే అందులో పొగడాల్సిందేమీ లేదని అర్థమవుతుంది. పల్లె నుంచి పట్నం పోయిన కూలీకి ఆ పట్నంలో పూర్తి పౌరహక్కులు ఇవ్వని హుకౌ అనే నమోదు పద్ధతి, బ్యాంకులో దాచుకున్న డబ్బుకు ఏళ్ళ తరబడి కావాలనే తక్కువ వడ్డీ, చాలీచాలని పింఛనూ వైద్యమూ కలిసి శ్రామికుడి వాటాను కంపెనీలకూ స్థానిక ప్రభుత్వాలకూ మళ్ళించాయి. తమ వృద్ధి అసమతుల్యంగా, నిలకడ లేకుండా ఉందని 2007లో అక్కడి ప్రధాని వెన్ జియాబావోనే బహిరంగంగా ఒప్పుకున్నారు. ఇదంతా చైనా ప్రజల మీద జరిగిన అన్యాయం. కానీ వాళ్ళకు జరిగిన అన్యాయం మనకు బలం ఎలా అవుతుంది? వాళ్ళ కూలీకి న్యాయమైన వాటా దక్కలేదు కాబట్టి మన కూలీకి దక్కుతున్నట్టేనా?

ఇక అసలు పరీక్ష. దేశీయ వినియోగం మనల్ని బయటి దెబ్బల నుంచి కాపాడుతుందన్నారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియాలంటే భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల చెరువు గట్ల మీదకు పోవాలి. దేశం నుంచి బయటికి పోయే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌వే, వాటిని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికాయే. సుంకం అమల్లోకి రాకముందే, ఏప్రిల్లో ట్రంప్ ప్రకటన వెలువడిన రోజుల్లోనే ఇక్కడ కొనేవాళ్ళు ధర కోసేశారు. ధర లేదని రైతు పట్టుబడి ఆపుకుందామంటే వీలు కాదు. వనామి రొయ్య చెరువులో ఉన్న ప్రతి పూటా మేత తింటుంది. ఏరియేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి ప్రాణవాయువు అందక తేలిపోతుంది, అవి తిరిగితే కరెంటు బిల్లు పెరుగుతుంది. నాలుగు రోజులు ఆగుదామనుకుంటే వైట్ స్పాట్ తెగులు వచ్చి మొత్తం పంటే పోవచ్చు. కాబట్టి ఇచ్చిన ధరకే పట్టి అమ్మాడు. మేత వ్యాపారి బాకీ అలాగే ఉంది, చెరువు లీజు అలాగే ఉంది.

అప్పుడు వచ్చిన సలహా ఏమిటి? దేశంలోనే రొయ్యల వినియోగం పెంచుదామని. హైదరాబాదులో, బెంగళూరులో, ఢిల్లీలో తినిపిద్దామని. ప్రయత్నం మంచిదే, నేను తప్పు పట్టను. కానీ 140 కోట్ల మార్కెట్ ఆ సరుకును ఎందుకు లాగేసుకోలేదో ఆలోచించాలి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో మనిషి సగటు నెల ఖర్చు 4,122 రూపాయలు. అందులో గుడ్లు, చేపలు, మాంసం అన్నీ కలిపి పెట్టేది 5 శాతం లోపే, అంటే సుమారు 200 రూపాయలు. నెల మొత్తానికి మనిషికి 200 రూపాయల్లో కోడిగుడ్లూ, పండక్కి కోడికూరా పోను రొయ్యలకు ఏం మిగులుతుంది? ఈ దేశంలో రొయ్య రుచి తెలిసినవాళ్ళకు కొరత లేదు, కొనగలిగిన జేబులకు కొరత. బయటి కొనుగోలుదారుడు తలుపు మూసిన రోజున లోపలి కొనుగోలుదారుడు ఆదుకోలేకపోతే దాన్ని కోట అని పిలవడం రైతును మోసగించడమే.

అరవై శాతం అనే ఆ రాశి లోపల ఏముందో కూడా జనానికి చెప్పరు. ఇంటింటికీ వెళ్ళి మీరెంత ఖర్చు పెట్టారని అడిగి కూడితే వచ్చిన మొత్తం కాదు అది. దేశంలో తయారైనవి, దిగుమతి అయినవి తీసుకుని, అందులో ఫ్యాక్టరీలు వాడుకున్నవి, పెట్టుబడికి పోయినవి, ప్రభుత్వం కొన్నవి, ఎగుమతి అయినవి తీసేసి, మిగిలింది కుటుంబాలు వాడి ఉంటాయని వేసే లెక్క. మరోపక్క ఇంటింటికీ వెళ్ళి అడిగే సర్వే వేరే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 2023-24 సర్వే పల్లెకు 4,122, పట్నానికి 6,996 రూపాయలు చెబుతోంది. పల్లె జనాభా మూడింట రెండు వంతులుగా తీసుకుని, ఏడాదికీ 140 కోట్ల మందికీ హెచ్చవేస్తే సుమారు 85 లక్షల కోట్ల రూపాయలు తేలుతుంది. జాతీయ లెక్కల్లో అదే ఏడాది కుటుంబాల వినియోగం సుమారు 180 లక్షల కోట్లు. మనుషులను అడిగితే తేలింది, పుస్తకంలో రాసినదాంట్లో సగానికి కాస్త తక్కువ.

ఈ తేడాలో కొంతకు సమంజసమైన కారణాలున్నాయి. సొంతింట్లో ఉంటున్నవాళ్ళు తమకు తామే అద్దె చెల్లించుకుంటున్నట్టు ఊహించి ఆ మొత్తాన్ని జాతీయ లెక్కలో వినియోగంలో కలుపుతారు. బ్యాంకుల సేవల విలువను కూడా ఒక పద్ధతిలో లెక్కగట్టి చేరుస్తారు. ఇవి అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతులే. కానీ సర్వేకి వచ్చిన మనిషికి అపార్ట్‌మెంటు గేటు దగ్గరే తలుపు మూసే సంపన్నుల ఖర్చు కూడా ఈ తేడాలోనే దాగి ఉందని ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. అంటే అరవై శాతంలో ఎంత ఊహించిన అద్దెలదో, ఎంత పైవర్గం విలాసాలదో, ఎంత కూలి మనిషి బియ్యం ఉప్పులదో ఆ ఒక్క అంకె చెప్పదు. అన్నిటినీ కలిపి 140 కోట్ల మంది బలమంటే చెల్లదు. ఆ సర్వేలోనే పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది నెలకు తలకు 1,677 రూపాయలతో గడుపుతుంటే పట్నాల్లో పై 5 శాతం 20,310 ఖర్చు పెడుతున్నారు. ఆ పై అంకె కూడా నిజం కన్నా తక్కువే అయి ఉంటుంది.

వినియోగం నిలకడగా ఉంటుంది, పెట్టుబడిలా ఎగిసిపడదు, కాబట్టి అదే నమ్మదగ్గ ఆధారం అని ఇంకో మాట అంటారు. నిలకడ నిజమే. దేని వల్ల నిలకడో చూడాలి. మన పల్లె కుటుంబం ఖర్చులో 47 శాతం తిండికే పోతోంది. 2022-23లో 46 ఉన్నది మరుసటి ఏడాది 47 అయింది. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. ఆ తర్వాత ప్రతి దేశంలోనూ అదే రుజువైంది. దీర్ఘకాలంలో మన దగ్గరా తగ్గుతూ వచ్చింది, అది కాదనను. కానీ సగం ఖర్చు అన్నానికే పోయే ఇంట్లో కోత పెట్టడానికి ఏముంటుంది? ఆ నిలకడ ఆకలి నిలకడ. జబ్బు చేస్తే మందులు, జూన్ వస్తే ఫీజు, గ్యాస్ అయిపోతే సిలిండర్. ఇష్టపడి పెట్టిన ఖర్చూ గత్యంతరం లేక పెట్టిన ఖర్చూ దేశీయోత్పత్తిలో ఒకే పద్దు కిందికి వస్తాయి. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశం మొత్తం వైద్య వ్యయంలో 39 శాతం జనం తమ జేబులోంచి పెట్టుకున్నదే. 2013-14లో 64 శాతం ఉండేదంటే మెరుగుపడ్డ మాట వాస్తవం. అయినా ఇప్పటికీ ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కట్టడానికి అమ్మిన గేదె, కుదువపెట్టిన పొలం వెనకున్న ఆ ఖర్చంతా వినియోగ వృద్ధిగానే నమోదవుతోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం జరిగి ఉంటే అదే మొత్తం ఈ పద్దులో కనిపించేది కాదు. కుటుంబం బాగుపడితే వాటా తగ్గే సందర్భమిది.

జూన్ 12న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరుస్తారు. ఆ వారంలో ఏ చిన్న పట్టణంలోనైనా బంగారం తాకట్టు పెట్టుకునే ఆఫీసులో ఒక గంట కూర్చుని చూడండి. నల్లపూసల గొలుసు తీసి చేతిరుమాల్లో కట్టుకొచ్చిన తల్లులు వరసలో ఉంటారు. కౌంటరు వెనకున్న కుర్రాడు గొలుసును గీటురాయి మీద రుద్ది, ఆమ్లం చుక్క వేసి రంగు చూసి, పూసల బరువు తీసేసి తూకం వేస్తాడు. ఎంత వస్తుందని ఆమె అడగదు, ఇంత కావాలని చెబుతుంది. ఆ ఇంత ఏమిటో రసీదు మీద బడి యాజమాన్యం ముందే రాసిచ్చింది: మొదటి టర్మ్ ఫీజు, బస్సు, పుస్తకాలు, బూట్లు. ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక వడ్డీ మాత్రం కట్టి కాగితం తిరగరాయించుకునేవాళ్ళే ఎక్కువ. ఆ ఉదయం ఆ కౌంటరు మీద మారిన డబ్బు సాయంత్రానికి బడి ఖాతాలో పడి, విద్య మీద కుటుంబాల వినియోగం పెరిగిందని లెక్కకెక్కుతుంది. మెడలో గొలుసు పోయిన సంగతి ఏ పద్దులోనూ ఉండదు.

ఇది ఒక్క కౌంటరు కథ అని కొట్టిపారేయడానికి లేదు. 2020-21లో దేశీయోత్పత్తిలో 11 శాతం దాటి ఉన్న కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23కి 5 శాతం దగ్గరికి దిగింది. దశాబ్దాల్లో అంత కిందికి పోలేదు. కరోనా ఏడాది పొదుపు అసహజంగా పెరిగిందన్నది నిజమే గానీ, అంతకుముందు మామూలు రోజుల్లో కూడా అది 7, 8 శాతం ఉండేది. జనం ఇళ్ళూ వాహనాలూ కొనడానికి అప్పులు చేస్తున్నారు, ఇందులో కష్టమేమీ లేదని ఆర్థిక శాఖ 2023లో సమాధానం చెప్పింది. కొంతమంది విషయంలో అది సరే. కానీ అంతా సవ్యంగానే ఉంటే అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు హామీ లేని వినియోగ రుణాల మీద కళ్ళెం బిగించి, వాటి రిస్కు భారాన్ని 100 నుంచి 125 శాతానికి ఎందుకు పెంచినట్టు? 2025లో బ్యాంకుల దగ్గర బంగారు రుణాల నిల్వ ఏడాది తిరిగేలోగా రెట్టింపు దాటింది. బంగారం ధర పెరగడమూ, కొన్ని రుణాలను వేరే పద్దు నుంచి ఇటు మార్చడమూ కొంత కారణం. మిగతాది ఆ కౌంటరు దగ్గరి వరసే.

ఆంధ్రప్రదేశ్ సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. మన పల్లెల్లో తలసరి నెల ఖర్చు 2023-24లో 5,327 రూపాయలు, దేశ సగటు కంటే 1,200 ఎక్కువ. తెలంగాణ పల్లెల్లో 5,435. వినియోగమే కలిమికి గుర్తనుకుంటే మనవాళ్ళు హాయిగా ఉన్నట్టే. కానీ 2019లో రైతు కుటుంబాల మీద జాతీయ నమూనా సర్వే జరిపిన 77వ విడత ఇంకో ముఖం చూపించింది. దేశంలో అప్పున్న రైతు కుటుంబాలు సగం, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో 92 దగ్గర. సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. ఇందులో సాగు పెట్టుబడి కోసం చేసిన అప్పు ఉంది, బ్యాంకులు ఇక్కడ ఎక్కువమందికి అప్పివ్వడం కూడా ఉంది. అవన్నీ తీసేసినా, ఖర్చులో ముందున్న రాష్ట్రాలే అప్పులోనూ ముందుండటాన్ని విస్మరించి ఖర్చును మాత్రమే పతాక శీర్షిక చేయడం నిజాయితీ కాదు. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థలను అదుపు చేయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వారం వారం కిస్తీ కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు చేసిన ఆడవాళ్ళ ఖర్చు కూడా ఆనాటి వృద్ధి లెక్కల్లో వినియోగమే.

తప్పుడు రోగనిర్ధారణ తప్పుడు మందుకే దారి తీస్తుంది. వినియోగమే ఇంజన్ అనుకున్న ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేసింది. సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడి వదులుకుంది. జనం చేతిలో డబ్బు పెడుతున్నామంది. ఏ జనం? 2023-24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో నెల జీతం మీద పనిచేసేవాడి సగటు సంపాదన 20,702 రూపాయలు. ఏడాదికి రెండున్నర లక్షలు. స్వయం ఉపాధి మీద బతికేవాడిది నెలకు 13,279, అడ్డా మీద నిలబడి పని వెతుక్కునే కూలీది రోజుకు 418. వీళ్ళెవరూ అంతకుముందు కూడా ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు కాదు. కట్టని పన్నును మాఫీ చేస్తే చేతికి ఏం వస్తుంది? అదే ఏడాది సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించారు. సబ్బులు, షాంపూలు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. అది పేద ఇంటికి కూడా అందే మేలే, దాన్ని కాదనను. కానీ ఒకసారి తగ్గిన ధర ఒకసారికే ఉపశమనం. వచ్చే ఏడాది కూలి పెరగకపోతే ఆ మేలు అక్కడితో సరి.

ఇక్కడ అటువైపు నుంచి ఇంకొకరు అందుకుంటారు. సరే, వినియోగం వాటా ఎక్కువుండటం బలహీనతే, కాబట్టి జనం నోరు కట్టుకుని పొదుపు చేయాలి, ఉచిత పథకాలు ఆపాలి, ఆ డబ్బంతా పెట్టుబడికి మళ్ళించాలి అంటారు. 1954లో ఆర్థర్ లూయిస్ జాతీయాదాయంలో నాలుగైదు శాతం పొదుపు చేసే దేశం 12, 15 శాతం దాకా ఎలా ఎదుగుతుందన్నదే అభివృద్ధి సిద్ధాంతపు మూల ప్రశ్న అన్నాడు. మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళిక నమూనా కూడా ఆ దారిలోనే నడిచింది. ఆ కాలానికి ఆ ప్రశ్న సరైనదే కావచ్చు. కానీ నెలకు 1,677 రూపాయలతో గడిపేవాడిని ఇంకా దాచుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. లూయిస్ కూడా పొదుపు పేదల కడుపు మాడ్చితే వస్తుందనలేదు, లాభాలు పెరిగి అవి తిరిగి పెట్టుబడిగా మారితే వస్తుందన్నాడు. మన దగ్గర లాభాలు పెరిగాయి. తిరిగి పెట్టుబడిగా మారాయా?

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, కొత్తగా తయారీ మొదలుపెట్టేవాళ్ళకు 15కి. ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడే చెప్పారు. పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, జీతాలు పెరుగుతాయన్నారు. 2024-25 ఆర్థిక సర్వే, ప్రభుత్వం తనంతట తాను రాసుకున్న పత్రం, ఏం చెప్పిందో చూడండి. నిఫ్టీ 500 కంపెనీల లాభాలు 2023-24లో 22 శాతం పైగా పెరిగాయి, దేశీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరి పదిహేనేళ్ళ గరిష్ఠాన్ని తాకాయి. ఉద్యోగాలు పెరిగింది ఒకటిన్నర శాతం. సంపాదన కంపెనీల లాభాల వైపు పోయింది. మరోపక్క వ్యవసాయం మీద ఆధారపడేవాళ్ళు తగ్గాల్సింది పోయి 2018-19లో 42.5 శాతం ఉన్నవాళ్ళు 2023-24కి 46.1 అయ్యారు. పట్నంలో పని దొరకక పొలానికి తిరిగి వచ్చినవాళ్ళను కూడా మన లెక్కలు ఉపాధి పెరుగుదలగానే చూపిస్తాయి. జాతీయ కనీస వేతన అడుగు 2017లో రోజుకు 176 రూపాయలుగా పెట్టారు. దాన్ని ఏళ్ళ తరబడి అక్కడే వదిలేశారు, ధరలు మాత్రం ఆగలేదు. వినియోగం గురించి ఇన్ని సదస్సులు పెట్టేవాళ్ళు ఈ 176 గురించి ఒక్క పూట ఎందుకు మాట్లాడరు?

కుటుంబానికి ఖర్చు చివరి అడుగు. దాని ముందు కూలి ఉంది, పంట ధర ఉంది, నెలజీతం ఉంది. ముందున్నవి నిలకడగా పెరిగితే చివరిది దానంతటదే పెరుగుతుంది, అప్పుడు దాని వాటా 60 ఉన్నా 50 ఉన్నా దిగులు లేదు. ముందున్నవి ఆగిపోయి చివరిది మాత్రం అప్పుతో, తాకట్టుతో నడుస్తుంటే వాటా 70కి పోయినా సంబరపడటానికేమీ లేదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు జీతమనే మాట వాడకుండా గౌరవ వేతనంతో సరిపెడుతూ, కౌలు రైతుకు పంట రుణం దక్కకుండా చేస్తూ, పక్కనే వినియోగాన్ని ఉరకలెత్తిస్తామనడంలో పొంతన లేదు.

స్వతంత్ర భారతదేశం 1950 నుంచీ జనం ఖర్చును సర్వే చేస్తోంది. వాళ్ళ ఆదాయాన్ని మాత్రం ఇప్పటిదాకా దేశవ్యాప్తంగా ఒక్కసారి కూడా సమగ్రంగా కొలవలేదు. 1960ల్లో, 1983-84లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి వదిలేశారు. జనం చెప్పిన ఆదాయం, వాళ్ళ ఖర్చూ పొదుపూ కలిపినదానికంటే తక్కువగా తేలడం ఒక కారణం. అది లెక్కలో పొరపాటని అప్పుడు తీర్మానించారు. అందులో పొరపాటు ఎంతో, అప్పు ఎంతో విడదీసి చూసే పని జరగలేదు. 2026లో తొలిసారి దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయ సర్వే చేపడతామని గణాంక మంత్రిత్వ శాఖ 2025లో ప్రకటించింది. ఆ సర్వే నిలవాలి, ఏటా జరగాలి. 2017-18 వినియోగ సర్వేను నాణ్యత సాకు చెప్పి 2019 నవంబరులో తొక్కిపెట్టినట్టు దీన్ని తొక్కిపెట్టకూడదు. అందులో పట్టా లేని కౌలు రైతు ఆదాయం వేరుగా, భూయజమాని ఆదాయం వేరుగా తేలాలి. ఇంట్లో ఖర్చైన డబ్బులో ఎంత సంపాదనదో, ఎంత గ్రూపు అప్పుదో, ఎంత బంగారం మీద తెచ్చిందో అడగాలి. ఆ జవాబులు మూడు నెలలకోసారి, దేశీయోత్పత్తి అంకె విడుదలయ్యే రోజునే, దాని పక్కనే అచ్చు కావాలి.